'మద్యం మానవలెను' అని రాస్తే సరిపోదు: జనరల్ వార్డు వైద్యులకు బహిరంగ లేఖ

జనరల్ మెడిసిన్, సర్జరీ, ఎముకల విభాగం, అత్యవసర విభాగాల్లో పనిచేస్తున్న వైద్యులందరికీ,

నమస్కారం. తాగుడు మానాలని వచ్చేవాళ్లతో, వాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడటం నా ఉద్యోగం. వచ్చేవాళ్ల చేతిలో ఎప్పుడూ ఒక కవరు ఉంటుంది, అందులో పాత ఆసుపత్రి కాగితాలుంటాయి. ఒకసారి కామెర్లకు, ఒకసారి ప్యాంక్రియాస్ వాపుకు చేరి ఉంటారు. మరోసారి కింద పడి తలకు కుట్లు వేయించుకుని ఉంటారు. ఇంకోసారి ఫిట్స్. కాగితాలు వేరు, సంతకాలు వేరు, అడుగున వాక్యం మాత్రం దాదాపు ఒకటే: 'మద్యపానం పూర్తిగా మానవలెను.' ఉప్పు తగ్గించమన్న మాటకూ వారం తర్వాత మళ్లీ రమ్మన్న మాటకూ మధ్యలో ఉంటుంది. మీరు రోగం కనిపెట్టారు, దాని కారణం కూడా కనిపెట్టారు. కారణానికి మాత్రం వైద్యం రాయలేదు.

తాగుడుకు వైద్యం మా మద్యం వ్యసన చికిత్స విభాగంలో మొదలవుతుందని మీరు అనుకుంటున్నారు. కాదు, అది మీ వార్డులో మొదలవ్వాలి. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి కారణాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2019లో మద్యం వల్ల పోయిన ప్రాణాలు 26 లక్షలు. మద్యంతో ముడిపడిన రుగ్మత ఉన్నవాళ్లు సుమారు 40 కోట్ల మంది, వాళ్లలో పూర్తిగా వ్యసనానికి లోనైనవాళ్లు సుమారు 21 కోట్ల మంది. ఇంతమందికి మానసిక వైద్యులు చాలరు, చాలినా వీళ్లలో ఎక్కువమంది మానసిక వైద్యుడి గుమ్మం తొక్కరు. మీ దగ్గరికి మాత్రం వస్తారు. కడుపునొప్పి అని, నిద్ర పట్టడం లేదని, బీపీ తగ్గడం లేదని, చెయ్యి విరిగిందని వస్తారు. తాగుడు కోసం వచ్చామని చెప్పరు, అంతే తేడా.

'వాడు మానాలనుకుంటే కదా మానేది' అన్న మాట వార్డుల్లో చాలాసార్లు విన్నాను. సీనియర్ వైద్యుల నోట కూడా విన్నాను. తాగుడును రోగంగా చూడాలన్నది ఈమధ్య పుట్టిన మెతక ఆలోచన కాదు. నౌకాదళంలో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు థామస్ ట్రాటర్ ఆ మాటను 1804లోనే రాశాడు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1956లో దీన్ని వైద్యం చేయవలసిన అనారోగ్యంగా ప్రకటించింది. 1976లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, మిల్టన్ గ్రాస్ అనే వైద్యులు దీని లక్షణాలను వరుసపెట్టి వర్ణించారు: తాగకుండా ఉండలేకపోవడం, అదే మత్తుకు రోజురోజుకూ ఎక్కువ కావాల్సి రావడం, మానితే ఒళ్లు ఎదురుతిరగడం, ఆ బాధ తగ్గడానికే మళ్లీ తాగడం, మిగతా బతుకంతా తాగుడు చుట్టూ తిరగడం, కొన్నాళ్లు మానినా మళ్లీ మొదలుపెడితే త్వరలోనే పాత స్థితికి చేరడం. ఇందులో మనిషి గుణం గురించి ఒక్క ముక్క లేదు గమనించండి.

మెదడులో జరిగేది మీకు నేను చెప్పాల్సిన పనిలేదు, కానీ ఇంటివాళ్లకు మీరు చెప్పాల్సిన పని ఉంది. మద్యం మెదడును మందగింపజేసే గాబా వ్యవస్థకు ఊతమిస్తుంది, ఉత్తేజపరిచే గ్లుటమేట్‌ను అణిచిపెడుతుంది. ఏళ్ల తరబడి ఇది సాగితే మెదడు ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది: గాబాకు స్పందన తగ్గించుకుని, గ్లుటమేట్ వైపు బలం పెంచుకుంటుంది. అలాంటి మనిషికి ఉన్నట్టుండి మద్యం అందకపోతే అదిమిపట్టిన స్ప్రింగు వదిలినట్టు అవుతుంది. వణుకు, చెమట, గుండెదడ, ఫిట్స్, మతి చలించడం అక్కడి నుంచే వస్తాయి. వ్యసనానికి లోనయ్యే ముప్పులో సుమారు సగం వారసత్వం వల్లేనని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మిగతా సగంలో చిన్న వయసులో మొదలుపెట్టడం, ఇంట్లో హింస, ఆందోళన, కుంగుబాటు, అన్నిటికీ మించి మద్యం ఎంత సులువుగా దొరుకుతుందన్నది ఉంటాయి. 'బుద్ధి లేదు' అన్న వివరణ ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాలు విరిగి ఒకాయన ఎముకల వార్డులో చేరాడనుకోండి. తాగుతారా అని ఎవరూ అడగలేదు, లేదా అడిగితే 'ఎప్పుడైనా కొంచెం' అన్నాడు. మొదటి రోజు బాగానే ఉన్నాడు. ఆ సాయంత్రం చేతులు వణికాయి, నొప్పి వల్ల అనుకున్నారు. మర్నాడు ఫిట్స్ వచ్చాయి, తలకు దెబ్బ తగిలిందేమోనని స్కాన్ తీశారు, ఏమీ లేదు. మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు, సెలైన్ సూది పీకేశాడు, నర్సును తోసేశాడు. నలుగురు పట్టుకుని మంచానికి కట్టేశారు. మర్నాడు రౌండ్లలో 'సహకరించని రోగి' అని రాశారు.

ఇలాంటి కథలు నేను విన్నవన్నీ ఒకేలా ఉంటాయి, ఎందుకంటే ఆ రోగం గడియారం పట్టుకుని నడుస్తుంది. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు మొదలవుతుంది. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల లోపే వస్తాయి. మతి చలించి, జ్వరం, చెమటలు, లేనివి కనిపించడం కలిసి వచ్చే డెలీరియం ట్రెమెన్స్ సాధారణంగా 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. వైద్యం అందకపోతే అది ప్రాణం తీస్తుంది. ఇంత కచ్చితంగా వేళ చెప్పి వచ్చే ప్రమాదాన్ని ప్రతిసారీ అనుకోని ఘటనలా చూస్తున్నాం. చేర్చుకున్నప్పుడు 'చివరిసారి ఎప్పుడు తాగారు, ఎంత తాగారు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా' అన్న మూడు ప్రశ్నలు అడిగి ఉంటే మూడో రోజు రాత్రి ఏం జరగబోతుందో మొదటి రోజు మధ్యాహ్నమే తెలిసేది.

దీనికి వైద్యం కొత్తది కాదు, ఖరీదైనది కాదు, మీ ఫార్మసీలో లేనిది కాదు. మెదడు ఉద్రేకాన్ని అణిచే బెంజోడయాజెపైన్లు: డయాజెపామ్ గాని, క్లోర్‌డయాజెపాక్సైడ్ గాని. లివర్ బాగా దెబ్బతిన్నవారికి, పెద్దవయసువారికి లోరాజెపామ్. ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికి సీవా-ఏఆర్ అనే పది అంశాల కొలమానం 1989 నుంచీ ఉంది, నర్సు అయిదు నిమిషాల్లో నింపగలరు. మొదట్లోనే తగినంత ఇచ్చి, ఆ తర్వాత కొద్దిరోజుల్లో క్రమంగా తగ్గించి ఆపేయాలి. వణుకుతున్న మనిషికి మతిచలనానికి వాడే హాలోపెరిడాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం నేను చూశాను. అది విత్‌డ్రాయల్‌ను, అంటే మద్యం మానినప్పుడు ఒళ్లు ఎదురుతిరగడాన్ని, తగ్గించదు సరికదా, ఫిట్స్ ముప్పును పెంచగలదు.

ఇంకో సంగతి ఇంటివాళ్లకూ, కొందరు వైద్యులకూ తెలియదు. విత్‌డ్రాయల్ పదేపదే వస్తే ప్రతిసారీ ముందటికంటే తీవ్రంగా రావచ్చు. అంటే రోజూ గట్టిగా తాగే మనిషితో 'ఈ రోజు నుంచి చుక్క ముట్టొద్దు' అని చెప్పి విత్‌డ్రాయల్‌కు వైద్యం లేకుండా ఇంటికి పంపడం సలహా కాదు, ప్రమాదం. మాట విని మానినవాడికే ముప్పు ఎక్కువ.

ఇక థయమిన్. దీర్ఘకాలంగా తాగేవాళ్లలో విటమిన్ బి1 అడుగంటిపోతుంది: తిండి తగ్గుతుంది, పేగు పీల్చుకోలేదు, లివర్ నిలవ చేసుకోలేదు. దాని లోపంతో వచ్చే మెదడు జబ్బును కార్ల్ వెర్నికే 1881లో వర్ణించాడు. గందరగోళం, కళ్ల కదలికలు తప్పడం, నడక తూలడం అని మనం చదువుకున్న మూడు లక్షణాలూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. మిగతావాళ్లు మామూలు మత్తులో ఉన్నట్టే ఉంటారు, అందుకే తప్పిపోతారు. తప్పిపోయినవాళ్లలో కొందరు కోర్సకాఫ్ స్థితికి చేరతారు. పొద్దున వచ్చి వెళ్లిన కూతుర్ని సాయంత్రం 'ఎప్పుడొచ్చావమ్మా' అని అడుగుతారు. కొత్త సంగతి ఏదీ మనసులో నిలవదు. ఆ నష్టం చాలామందిలో పూర్తిగా తిరిగి రాదు. దాన్ని ఆపగలిగేది ఒక చవక విటమిన్ ఇంజెక్షన్. తాగుడు చరిత్ర ఉండి, తిండి సరిగా లేని మనిషికి గ్లూకోజు ఎక్కించే ముందు, లేదా దానితో పాటే, సిర ద్వారా థయమిన్ ఇవ్వండి. షుగర్ ప్రమాదకరంగా పడిపోతే మాత్రం గ్లూకోజుకు ఆలస్యం చేయకూడదు. అనుమానం ఉన్నచోట నోటి మాత్రతో సరిపెట్టొద్దు, ఆ పేగు దాన్ని సరిగా పీల్చుకోదు. మెగ్నీషియం కూడా ఒకసారి చూడండి, అది తక్కువగా ఉంటే ఇచ్చిన థయమిన్ సరిగా పనిచేయదు.

అడగడం గురించి. 'తాగుతారా' అని అడిగితే 'లేదండీ' అన్న జవాబే వస్తుంది, పక్కన భార్యో కొడుకో నిలబడి ఉంటే మరీను. ఇంటివాళ్లను కాసేపు బయట కూర్చోమని చెప్పి, బీపీ అడిగినంత మామూలుగా అడగాలి. జాన్ యూయింగ్ 1984లో ప్రచురించిన నాలుగు ప్రశ్నలు ఇప్పటికీ పనికొస్తాయి: తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకేసిందా? తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలిగిందా? పొద్దున లేవగానే ఒళ్లు కుదుటపడటానికి తాగాల్సి వచ్చిందా? రెండింటికి అవునంటే ఆగి లోతుగా చూడాలి. ఇవి ముదిరిన వ్యసనాన్ని బాగా పట్టుకుంటాయి. ఇంకా ముదరనివాళ్లను పట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం నయం. 40కి 8 లేదా అంతకు మించి వస్తే ప్రమాదకరమైన తాగుడు, 20 లేదా అంతకు మించి వస్తే వ్యసనం అని అనుమానించాలి. పది కుదరకపోతే అందులో మొదటి మూడు అడిగినా మేలే. రక్తపరీక్షల్లో జీజీటీ అనే లివర్ ఎంజైము, ఎర్ర రక్తకణాల సైజు చెప్పే ఎంసీవీ పెరగడం, మరో రెండు లివర్ ఎంజైముల్లో ఏఎస్టీ ఏఎల్టీకి రెండింతలు దాటడం సాక్ష్యం చెబుతాయి గానీ, అవి మామూలుగా ఉన్నంత మాత్రాన తాగుడు లేదని అర్థం కాదు.

ఆడిట్‌లో 8 నుంచి 19 దాకా వచ్చిన గుంపే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే నివారణ అన్నమాటకు నిజంగా అర్థం అక్కడే ఉంది. వాళ్లకు వ్యసనం రాలేదు, వచ్చే దారిలో ఉన్నారు. వాళ్లెవరూ నా దగ్గరికి రారు, రావాల్సిన అవసరమూ వాళ్లకు కనిపించదు. మామూలు వైద్యుడు అయిదు పది నిమిషాలు మాట్లాడితే తాగే పరిమాణం కొంత తగ్గుతుందని వైద్య అధ్యయనాలను కూర్చి తూచే కోక్రేన్ సంస్థ 2018 సమీక్ష 69 అధ్యయనాలు కలిపి చూసి తేల్చింది. తగ్గుదల పెద్దదేమీ కాదు, ఏడాది తర్వాత వారానికి సుమారు 20 గ్రాముల ఆల్కహాల్. ఆ మాట దాచను. కానీ అయిదు నిమిషాల మాటకు అంత ఫలితం మీరు చేసే మిగతా ఎన్ని పనుల్లో వస్తుందో మీరే లెక్క వేసుకోండి.

ఆ అయిదు నిమిషాల్లో ఏం మాట్లాడాలి? ఉపన్యాసం వద్దు. ఇంట్లో, పనిలో, బంధువుల్లో అది ఇప్పటికే చాలాసార్లు వినేశారు. మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన పద్ధతిలో కిటుకు ఒకటే: మానాల్సిన కారణం రోగి నోటి నుంచే రావాలి. 'తాగుడు వల్ల మీకు ఏం నచ్చుతోంది, ఏం నచ్చడం లేదు?' అని అడిగి ఊరుకుంటే చాలామంది రెండో దాని గురించే ఎక్కువసేపు చెబుతారు. 'మానేయకపోతే చచ్చిపోతావ్' అన్నప్పుడు మాత్రం తల ఊపుతారు, బయటికి వెళ్లి ఆ భయం పోవడానికి తాగుతారు. ఇది వెటకారం కాదు, వాళ్లే నాతో చెప్పినమాట.

మందుల విషయానికొస్తే, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మళ్లీ తాగడాన్ని అడ్డుకోవడానికి వాడే మాత్రల్లో నాల్ట్రెక్సోన్‌కు అమెరికాలో మద్యం వ్యసనానికి అనుమతి వచ్చింది 1994లో, అకాంప్రొసేట్‌కు 2004లో. వీటిని రాయడానికి మానసిక వైద్యుడే కానక్కర్లేదు. 2014లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం ఒక్కరు మళ్లీ తాగడం మొదలుపెట్టకుండా ఆపడానికి అకాంప్రొసేట్ 12 మందికి ఇవ్వాలి. మళ్లీ విపరీతంగా తాగే స్థితికి ఒక్కరు పోకుండా ఆపడానికి నాల్ట్రెక్సోన్ కూడా 12 మందికే. ఇంతకంటే చాలా బలహీనమైన అంకెలున్న మందులను మనం ఏళ్ల తరబడి కళ్లుమూసుకుని రాస్తాం. నాల్ట్రెక్సోన్ ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా) మందులు వాడుతున్నవాళ్లకు పనికిరాదు, లివర్ తీవ్రంగా చెడినవాళ్లకు జాగ్రత్త అవసరం. అకాంప్రొసేట్ లివర్ మీద భారం వేయదు, కిడ్నీలు మాత్రం చూసుకోవాలి. సిర్రోసిస్‌తో లివర్ గట్టిపడినవాళ్లలో బాక్లోఫెన్ అనే మరో మందు ఉపయోగపడుతుందని 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. మాత్ర ఒక్కటే పని చేసేస్తుందని నేననను. మాటా మాత్రా కలిస్తేనే ఫలితం. కానీ మాత్ర ఉందన్న సంగతే రోగికి ఎవరూ చెప్పకపోవడం అన్యాయం.

తాగితే ఒళ్లు తిరగబడేలా చేసే డైసల్ఫిరామ్ మాత్ర సంగతి వేరుగా చెప్పాలి. 1948లో డెన్మార్క్ పరిశోధకులు దీని గుణాన్ని లోకానికి చెప్పారు. మద్యం ఒంట్లో ఎసిటాల్డిహైడ్‌గా మారి అక్కడే నిలిచిపోయేలా చేస్తుంది. ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, ఇంట్లో ఒకరి ఎదురుగా రోజూ వేసుకునేవాళ్లకు ఇది నిజంగా సాయపడుతుంది. కానీ ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపి పెడతాం, రాసివ్వండి అని ఇంటివాళ్లు మిమ్మల్ని అడుగుతారు. వాళ్ల కష్టం చూసి మీ మనసు కరగొచ్చు. దయచేసి రాయకండి. ఆ మాత్ర ఒంట్లోకి వెళ్లినట్టు తెలియని మనిషి ఎప్పటిలాగే తాగుతాడు, గుండెజబ్బు ఉంటే అక్కడికక్కడే పోవచ్చు. బతికినా మళ్లీ ఏ వైద్యుణ్నీ, ఇంట్లో ఎవరినీ నమ్మడు.

ఇంటివాళ్లను ఆ కోరిక దాకా తెచ్చినదేమిటో కూడా అడగండి. తాగే మనిషి చుట్టూ ఉన్నవాళ్లు సాక్షులు మాత్రమే కాదు, వాళ్లూ దెబ్బతిన్నవాళ్లే. నిద్ర లేని భార్యలు, మాట తగ్గిపోయిన పిల్లలు, కొన్నిసార్లు దెబ్బలు తిన్న తల్లులు మీ గది బయట నిలబడి ఉంటారు. ఇంట్లో హింస ఉందా అని వేరుగా కూర్చోబెట్టి అడగాల్సిందీ, ఆ మనిషికి చచ్చిపోవాలన్న ఆలోచనలున్నాయా అని సూటిగా అడగాల్సిందీ మీరే, ఎందుకంటే ఆ రోజు వాళ్ల ముందున్న వైద్యుడు మీరే. ఆత్మహత్య గురించి అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం అక్కర్లేదు.

'ఎంత చేసినా మళ్లీ తాగి వస్తారు' అన్నది మీ వైపు నుంచి నేను ఎక్కువగా వినే ఫిర్యాదు. నిజమే, చాలామంది వస్తారు. పరిశోధకుడు టామస్ మెక్లెల్లన్ బృందం 2000లో ఈ లెక్కను మిగతా దీర్ఘకాలిక జబ్బుల పక్కన పెట్టి చూపించింది. మత్తు వ్యసనాలు తిరగబెట్టడం 40 నుంచి 60 శాతం, బీపీ, ఆస్తమా తిరగబెట్టడం 50 నుంచి 70 శాతం. బీపీ మళ్లీ పెరిగి వచ్చిన మనిషిని మీరు తిట్టరు, మోతాదు మారుస్తారు. మళ్లీ తాగి వచ్చిన మనిషితో కూడా ఆ పనే చేయమంటున్నాను. ఏ రోజు, ఎవరితో, ఏ దుఃఖంలోనో సంతోషంలోనో మొదలైందో అడిగితే తర్వాతి వైద్యం ఎలా ఉండాలో అక్కడే తెలుస్తుంది. తాగుడు మానేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే, 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్లమని చెప్పడం కూడా మరవకండి. దేవుడి ప్రస్తావన నచ్చక కొందరు దూరంగా ఉంటారు, వాళ్లను బలవంతపెట్టనక్కర్లేదు. అయితే ఆ దారి వైపు పద్ధతిగా నడిపించే చికిత్స, పూర్తిగా మానడం విషయంలో, మిగతా మాటల చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని 2020 కోక్రేన్ సమీక్ష చెప్పింది.

ధర పెంచడం, అమ్మే వేళలూ చోట్లూ కుదించడం, ప్రకటనలు ఆపడం, తాగి నడిపేవాళ్లను పట్టుకోవడం ప్రభుత్వాల పని. అయినా మద్యాన్ని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చిందన్న సంగతి ప్రజలకు చెప్పాల్సింది మీరు. రొమ్ము క్యాన్సర్‌కూ దీనికీ సంబంధం ఉందంటే చదువుకున్నవాళ్లు కూడా ఇప్పటికీ ఆశ్చర్యపోతున్నారు.

మా విభాగాల మీద మీకున్న కోపం కూడా నాకు తెలుసు. మీరు పంపిన రోగి చేరాడో లేదో, ఏమైందో మా నుంచి ఒక్క ముక్క తిరిగి రాదు. అది న్యాయమైన కోపమే. అందుకని ఒక పద్ధతి ప్రతిపాదిస్తున్నాను. డిశ్చార్జి కాగితంలో 'మద్యం మానవలెను' అన్న వాక్యానికి బదులు నాలుగు విషయాలు రాయండి: చివరిసారి తాగిన తేదీ, వార్డులో విత్‌డ్రాయల్ ఎంత తీవ్రంగా వచ్చింది, థయమిన్ ఇచ్చారా, మానడానికి ఏ మాత్ర మొదలుపెట్టారు. మా దగ్గర ఏ రోజుకు రమ్మన్నారో ఆ తేదీ రోగి ముందే ఫోన్ చేసి ఖాయం చేయించండి. చిరునామా ఇచ్చి వెళ్లమంటే రానివాళ్లు కూడా, తేదీ చెప్పి 'వాళ్లు మీకోసం చూస్తుంటారు' అంటే వస్తున్నారు. మా వైపు నుంచి, ఆ రోజు అతను వచ్చినా రాకపోయినా మీకు ఉత్తరం రాసే పని మాది. రాకపోతే ఫోన్ చేసి పిలిచే పని కూడా మాదే.

భవదీయ,
మద్యం వ్యసన చికిత్స విభాగంలో ఒక కౌన్సెలర్